విత్తనాల వడ్లు తినేసిన ఎన్‌బీసీ

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. తొంభైల్లో అమెరికా టీవీని ఏలిన ఎన్‌బీసీ 2004 తర్వాత ఒక్కసారిగా నాలుగో స్థానానికి ఎందుకు జారిపోయింది అన్నది మొదటిది. 2009లో రాత్రి పది గంటల స్లాట్‌ను వారానికి అయిదు రోజులూ, అప్పటిదాకా ‘ద టునైట్ షో’ నడిపిన హాస్యగాడు జే లెనోకు అప్పగించడమే దాన్ని ముంచిందా అన్నది రెండోది.

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను. కాదు. లెనో షో వచ్చేనాటికే ఎన్‌బీసీ అయిదేళ్లుగా మునిగి ఉంది. అప్పటిదాకా నెట్‌వర్క్ లోపలే తిరుగుతున్న నష్టాన్ని ఆ షో ఊరూరా ఉన్న స్టేషన్ల గల్లాపెట్టె దాకా తీసుకెళ్లింది, అంతే. అసలు తప్పు తొంభైల చివర్లో, అందరికన్నా పైన ఉన్న రోజుల్లోనే జరిగింది. విత్తనాలకని దాచిన వడ్లను కూడా దంపి వండుకుంటే ఆ ఏడు ఇంటిల్లిపాదీ కడుపునిండా తింటారు. సంగతి తొలకరి పడ్డాక తెలుస్తుంది. ఎన్‌బీసీకి ఆ తొలకరి 2004లో పడింది.

నేను పంతొమ్మిదేళ్లు ఒక వినోద ఛానెల్లో షెడ్యూలింగ్ చూశాను. ఏ కార్యక్రమం ఏ రోజు ఏ గంటకు పడాలో తేల్చే పని. లెనో ఉదంతం నడుస్తున్నన్ని రోజులూ ఆ వార్తలు ఒక్కటి వదలకుండా చదివాను. మా పనిలో ఉన్నవాళ్లకు అంతకన్నా పెద్ద పాఠం ఇంకొకటి దొరకదు.

ముందు అక్కడి ఏర్పాటు అర్థం కావాలి. అమెరికాలో ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ అని నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లున్నాయి. ఇవి సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి 8 నుంచి 11 వరకు, ఆదివారం 7 నుంచి 11 వరకు ప్రైమ్ టైమ్ నడుపుతాయి. వారానికి 22 గంటలు. ఫాక్స్ మాత్రం పదింటికే ఆపేసి మిగతాది స్థానిక స్టేషన్లకు వదిలేస్తుంది. నెట్‌వర్క్‌కు సొంత స్టేషన్లు కొన్నే ఉంటాయి. దేశమంతా ఉన్న రెండు వందల పైచిలుకు స్టేషన్లలో ఎక్కువ భాగం వేరే యజమానులవి. ఒప్పందం మీద నెట్‌వర్క్ కార్యక్రమాలు వేస్తాయి, పదకొండింటికి సొంత వార్తలు చదువుతాయి. ఆ వార్తల్లో వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లది, వాళ్ల ఇల్లు గడిచేది చాలావరకు దానితోనే. వార్తలయ్యాక 11:35కి మళ్లీ నెట్‌వర్క్ వంతు. ఎన్‌బీసీలో అది ‘ద టునైట్ షో’ అనే కబుర్లు, జోకుల షో వేళ.

ఎనిమిది, తొమ్మిది, పది, వార్తలు, ఆ తర్వాత టునైట్ షో. ఇవన్నీ ఒకే కాలువ మీది తూముల్లాంటివి. పైన నీళ్లు తగ్గితే కింద చేను ఎండుతుంది.

ఇది పోలిక కోసం చెప్పడం లేదు. పొద్దున్నే మా బల్ల మీదికి నిమిషం నిమిషం లెక్కతో ఒక గ్రాఫ్ వచ్చేది. ఒక కార్యక్రమం అయిపోయి పేర్లు పడటం మొదలవగానే ఆ గీత మెట్టు దిగినట్టు పడేది. ఆ ముప్పై నలభై సెకన్లలోనే జనం రిమోట్ అందుకుంటారు. దానికి విరుగుడు ఎన్‌బీసీ 1994లోనే కనిపెట్టింది. ముగింపు పేర్లను తెరలో ఒక మూలకు నొక్కి, పక్కన ప్రోమోనో ఇంకో చిన్న ముక్కో చూపిస్తూ, బ్రేక్ లేకుండా తర్వాతి షోలోకి నేరుగా దూకించింది. ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. మేమూ అదే చేశాం, గీత పడటం తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రేక్షకుడు ఒక షో నుంచి ఇంకో షోకి తనంతట తాను నడిచి రాడు, మనం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. అందుకే ఏ స్లాట్ లెక్కనూ దానికదే విడిగా వేయకూడదు.

ఇక ఎన్‌బీసీ ఎలా ఎదిగిందో చూడండి. 1983లో దాని పరిస్థితి 2009 కన్నా అధ్వానం. ఆ ఏడాది సీజన్ ఆరంభంలో తొమ్మిది కొత్త షోలు దింపితే ఒక్కటి కూడా రెండో సీజన్ చూడలేదు. అయినా రెండేళ్లకే మొదటి స్థానంలోకి వచ్చింది. 1984 సెప్టెంబరులో మొదలైన ‘ద కాస్బీ షో’ వల్లే అని అందరూ అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. కాస్బీ వచ్చేసరికి దాని వెనక కూర్చోబెట్టడానికి సరుకు సిద్ధంగా ఉంది. 1981లో మొదలైన ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’కు తొలి ఏడాది జనం లేరు. 1982లో మొదలైన ‘చియర్స్’ తొలి సీజన్‌లో రేటింగ్ పట్టిక అడుగున పడి ఉంది. ఎన్‌బీసీ ఆ రెండింటినీ తీసేయలేదు. ‘చియర్స్’ పదకొండు సీజన్లు నడిచి, 1993 మేలో చివరి ఎపిసోడ్‌కు 8 కోట్లకు పైగా జనాన్ని టీవీల ముందు కూర్చోబెట్టింది. ఆ ఓపిక లేకపోయుంటే ఎనభైల ఎన్‌బీసీయే లేదు.

ఓపిక అంటే కళ్లు మూసుకుని ఎదురుచూడటం కాదు. ఒక షోకు అంకెలు రాకపోతే మేం రెండు విషయాలు చూసేవాళ్లం. చూసేవాళ్లు వారం వారం అదే జనమా, లేక కొత్తవాళ్లు వచ్చి పోతున్నారా? చివరి పావుగంటలో గీత లేస్తోందా, పడుతోందా? అదే జనం తిరిగి వస్తూ, చివరిదాకా ఉంటే, ఆ షోకు ప్రాణం ఉన్నట్టే. దానికి మంచి పొరుగు కావాలి, అంతే.

ఈ మాట నేను పోగొట్టుకుని నేర్చుకున్నాను. రాత్రి తొమ్మిదింటి స్లాట్‌లో వేసిన ఒక సీరియల్ ఆరో వారానికి కూడా కదల్లేదు. యాజమాన్యం తీసేయమంది, నేను అడ్డు చెప్పకుండా సంతకం పెట్టాను. తర్వాతి వారం తొమ్మిదిన్నర సీరియల్ పడిపోయింది. దానికి అప్పటిదాకా ఏ లోటూ లేదు. వెనక్కి వెళ్లి లెక్కలు తీస్తే తెలిసింది, తొమ్మిదింటి సీరియల్ చూసే ఆ కొద్దిమందే కదలకుండా కూర్చుని తొమ్మిదిన్నర సీరియల్‌కు పునాది అయ్యారని. ఆ షీట్ నా డైరీలో చాలా ఏళ్లు మడిచి ఉంచుకున్నాను.

తొంభైల్లో ఎన్‌బీసీ ఈ పొరుగు విద్యను శిఖరానికి తీసుకెళ్లింది. రెండు గట్టి షోల మధ్య కొత్త షోను ఊయల కట్టినట్టు వేలాడదీయడం. ‘సైన్‌ఫెల్డ్’కు మొదట ఇచ్చింది నాలుగు ఎపిసోడ్లే. దాన్ని మెల్లగా పెంచి 1993లో గురువారం ‘చియర్స్’ పక్కకు తెచ్చారు, అప్పుడు విజృంభించింది. 1994లో ‘ఫ్రెండ్స్’ను ‘మ్యాడ్ అబౌట్ యూ’, ‘సైన్‌ఫెల్డ్’ల మధ్య పెట్టారు. ఒక ఏడాది గురువారం పెంచిన ‘ఫ్రేజర్’ను మంగళవారానికి నాటారు. అదీ వ్యవసాయం. గురువారం నారుమడి, మిగతా రోజులు పొలం.

తర్వాత ఆ నారుమడిలో తాలు గింజలు చల్లారు. ‘ద సింగిల్ గై’, ‘యూనియన్ స్క్వేర్’, ‘వెరోనికాస్ క్లాజెట్’, ‘జెస్సీ’. ‘ఫ్రెండ్స్’, ‘సైన్‌ఫెల్డ్’, ‘ఈఆర్’ల పక్కన పడినందుకు వీటికి ఘనమైన రేటింగులొచ్చాయి. పక్కింటి వెలుగును సొంత దీపం అనుకున్నారు. ఆ స్లాట్లలో ఏది వేసినా ప్రకటనలు అమ్ముడుపోతాయి కాబట్టి నాణ్యత గురించి తొందర ఎవరికీ లేకపోయింది. 2003లో ఆ గురువారం మీదే ‘కప్లింగ్’ నాలుగు ఎపిసోడ్లకే ఆగిపోయింది. ‘విల్ అండ్ గ్రేస్’, ‘ద వెస్ట్ వింగ్’, ‘లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ’ ఆ కాలంలో పుట్టినవే, వాటిని తక్కువ చేయను. కానీ దేశంలోనే అత్యంత విలువైన అరగంటలు చేతిలో ఉండి పెంచుకున్న కొత్త కామెడీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

1998 జనవరి నాటికి భయం మొదలైంది. ‘సైన్‌ఫెల్డ్’ ఆగిపోతోందని తేలింది. ఎపిసోడ్‌కు 50 లక్షల డాలర్లు ఇస్తామన్నా జెర్రీ సైన్‌ఫెల్డ్ ఒప్పుకోలేదని అప్పట్లో వార్తలు. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు సీబీఎస్ పట్టుకుపోయింది. ‘ఈఆర్’ కూడా పోతుందేమోనని ఎపిసోడ్‌కు కోటీ ముప్పై లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు. టీవీ చరిత్రలో అంతకుముందు వినని ధర. 2001లో సీబీఎస్ ‘సర్వైవర్’, ‘సీఎస్‌ఐ’లను నేరుగా గురువారానికి తెచ్చి కొట్టింది. ఎన్‌బీసీ ఏం చేసింది? ‘ఫ్రెండ్స్’ ఎపిసోడ్‌ను నలభై నిమిషాలకు సాగదీసింది. 2002 చివర్లో పదో సీజన్ కోసం ఎపిసోడ్‌కు సుమారు కోటి డాలర్లకు ఒప్పందం చేసుకుని ఇంకో ఏడాది కొనుక్కుంది. ఆ కొన్న కాలంలో నారు పెంచి ఉంటే డబ్బుకు న్యాయం జరిగేది. పెంచలేదు.

2004 మేలో ‘ఫ్రెండ్స్’, ‘ఫ్రేజర్’ రెండూ ఒకే నెలలో ముగిశాయి. ‘ఫ్రెండ్స్’ చివరి ఎపిసోడ్‌ను 5 కోట్లకు పైగా చూశారు. ఆ స్థానంలో దాని కొసరు ‘జోయీ’ని పెట్టారు, రెండేళ్లలో పోయింది. అదే సీజన్‌లో ఏబీసీకి ‘లాస్ట్’, ‘డెస్పరేట్ హౌస్‌వైవ్స్’, ‘గ్రేస్ అనాటమీ’ వరసగా దొరికాయి. 18-49 వయసువాళ్ల లెక్కలో, అంటే ప్రకటనల ధర తేలే లెక్కలో, 2003-04లో మొదటి స్థానంలో ఉన్న ఎన్‌బీసీ 2004-05లో నాలుగో స్థానానికి దిగింది. ఒక్క ఏడాదిలో. చూసేవాళ్లకు అది పిడుగులా అనిపించింది. లోపలివాళ్లకు చెట్టు ఎప్పటినుంచో చెదలు పట్టి ఉందని తెలిసుండాలి.

ఇక్కడి నుంచి ఖర్చు తగ్గించే దారి పట్టారు. 2006 అక్టోబరులో ఎన్‌బీసీ యూనివర్సల్ 700 ఉద్యోగాల కోతతో, 75 కోట్ల డాలర్ల ఆదా లక్ష్యంతో ఒక ప్రణాళిక ప్రకటించింది. అందులో భాగంగా ఎనిమిదింటికి కథలున్న ఖరీదైన షోలు తగ్గించి గేమ్ షోలు, రియాలిటీ వేస్తామన్నారు. గంటల కాలువకు తల ఎనిమిది. తల దగ్గరే నీళ్లు తగ్గించారు. 2007 నవంబరులో రచయితల సమ్మె వంద రోజులు సాగింది, ఉన్న కొత్త షోల ఊపు కూడా పోయింది.

ఇప్పుడు లెనో. 2004లోనే ఎన్‌బీసీ, టునైట్ షో తర్వాత వచ్చే షో నడిపే కోనన్ ఓబ్రయన్‌కు మాటిచ్చింది, అయిదేళ్ల తర్వాత టునైట్ షో నీదేనని. ఆ అయిదేళ్లు గడిచేసరికి లెనో ఇంకా తన వేళలో మొదటి స్థానంలోనే ఉన్నాడు. పంపేస్తే ఏబీసీకి పోతాడని భయం. ఉంచాలంటే కోనన్‌కు ఇచ్చిన మాట అడ్డు. 2008 డిసెంబరులో ప్రకటించారు, లెనో వారానికి అయిదు రోజులూ రాత్రి పదింటికి వస్తాడని.

కాగితం మీద లెక్క నిజంగా అందంగా ఉంది. ఒక గంట డ్రామాకు సుమారు 30 లక్షల డాలర్ల ఖర్చు. లెనో అయిదు రాత్రులూ కలిపి సుమారు 20 లక్షలని అప్పటి అంచనా. డ్రామా ఏడాదికి 22 కొత్త ఎపిసోడ్లిస్తుంది, మిగతా వారాలు పాతవే తిప్పాలి. లెనో 46 వారాలు కొత్తగా వస్తాడు. రికార్డ్ చేసుకుని ప్రకటనలు దాటేసే అలవాటు పెరుగుతున్న రోజుల్లో, ఏ రోజు జోకులు ఆ రోజే చూడాలి కాబట్టి ఆ బెడద తక్కువన్నారు. రేటింగ్ కొంత తగ్గినా లాభమే మిగులుతుంది. ఆ వాదన చదివినప్పుడు, ఏం తప్పుంది ఇందులో అని నాకూ అనిపించిన మాట నిజం.

తప్పు ఎక్కడుందో మొదట బోస్టన్ స్టేషన్ పసిగట్టింది. 2009 ఏప్రిల్‌లో అక్కడి డబ్ల్యూహెచ్‌డీహెచ్, లెనోను వేయం, పదింటికి మా వార్తలే వేసుకుంటాం అని ప్రకటించింది. ఒప్పందం రద్దు చేసి ఇంకో స్టేషన్‌కు వెళ్తామని ఎన్‌బీసీ హెచ్చరించాక వెనక్కి తగ్గింది. ఆ స్టేషన్ యజమాని అడిగింది చాలా మామూలు ప్రశ్న. పదింటికి జనం సగమైతే పదకొండింటికి నా వార్తలెవరు చూస్తారు?

సెప్టెంబరు 14న తొలి రాత్రి సుమారు 1.8 కోట్ల మంది చూశారు. కొద్ది వారాల్లో అది 50, 60 లక్షల దగ్గర ఆగింది. నెట్‌వర్క్ ఖాతాలో ఆ అంకె కూడా సరిపోతుంది, ఎందుకంటే ఖర్చే తక్కువ. స్టేషన్ల ఖాతాలో సరిపోదు, ఎందుకంటే వాళ్ల వార్తల ఖర్చు ఒక్క పైసా తగ్గలేదు. పైగా కథ ఉన్న డ్రామాకు ఉన్న గుణం దీనికి లేదు. హత్య ఎవరు చేశారో 10:55కి తెలుస్తుందంటే ప్రేక్షకుడు 10:55 దాకా ఉంటాడు, అక్కడి నుంచి వార్తల్లోకి జారుతాడు. మాటల షోలో పెద్ద అతిథి ముందే వచ్చి వెళ్లిపోతాడు, ఆ తర్వాత పడుకున్నా పోయేదేం లేదు. నవంబరు స్వీప్స్‌లో, అంటే ఏ ఊళ్లో ఎవరు ఏం చూస్తున్నారో కొలిచి స్థానిక ప్రకటనల ధరలు కట్టే నెలలో, వార్తల రేటింగులు ఊరూరా పడిపోయాయి. స్టేషన్లు తిరగబడ్డాయి. వార్తల తర్వాత వచ్చే కోనన్‌కు కూడా ఎండిన కాలువే మిగిలింది. తర్వాత అతని అంకెలు చూపించి అతన్నే తప్పుపట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పై తూము మూసి, చేను పండలేదని రైతును నిందించడం అది.

2010 జనవరిలో, లెనోను 11:35కి అరగంట షోతో జరిపి, టునైట్ షోను అర్ధరాత్రి దాటాక 12:05కి తోస్తామన్నారు. కోనన్ ఒప్పుకోలేదు. తనకూ సిబ్బందికీ కలిపి సుమారు 4.5 కోట్ల డాలర్ల పరిహారంతో జనవరి 22న చివరి షో చేసి వెళ్లిపోయాడు. ఫిబ్రవరి 9న లెనో పది గంటల షో ఆగింది, మార్చి 1న అతను టునైట్ షోకు తిరిగొచ్చాడు. మిగిల్చిన డబ్బులో ఎంత ఇలా పోయిందో లెక్కేసుకోండి.

అంతకన్నా పెద్ద నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. అయిదు రాత్రులు, ఒక్కో స్లాట్‌కు 22 ఎపిసోడ్లు, ఏడాదికి 110 గంటల కథ. ఆ 110 గంటలు ఎవరూ రాయలేదు, తీయలేదు. మంచి కథ ఏళ్ల తరబడి అద్దె తెచ్చే ఇల్లు లాంటిది. 2005లో ఆరు ఎపిసోడ్లతో బిక్కుబిక్కుమంటూ మొదలైన ‘ద ఆఫీస్’నే చూడండి. 2019లో దాని స్ట్రీమింగ్ హక్కుల విలువ అయిదేళ్లకు 50 కోట్ల డాలర్లుగా తేలింది. నిన్నటి జోకుల షోను రేపు ఎవరూ కొనరు. పోలీసు డ్రామా ‘సౌత్‌ల్యాండ్’ను తొమ్మిదింటికి మరీ చీకటి కథ అని రెండో సీజన్ ప్రసారానికి ముందే తీసేశారు. కేబుల్ ఛానెల్ టీఎన్‌టీ దాన్ని తీసుకుని 2013 దాకా నడిపింది. దానికి తగిన వేళ పది గంటలే, ఆ పదే లేదు.

కోలుకోవడం కూడా పాత పద్ధతిలోనే జరిగింది, కాకపోతే తడబడుతూ. 2006లో ఫుట్‌బాల్ ఆదివారం రాత్రికి తిరిగొచ్చింది, 2011 ఏప్రిల్‌లో పాటల పోటీ ‘ద వాయిస్’ మొదలైంది. 2012 శరదృతువులో ఈ రెండింటితో ఎన్‌బీసీ మొదటి స్థానానికి వచ్చింది. చలికాలంలో రెండూ లేవు. ‘ద వాయిస్’ వెనక సోమవారం పదింటికి బాగా నడుస్తున్న ‘రెవల్యూషన్’ను నవంబరు నుంచి మార్చి దాకా ఆపేశారు. 2013 ఫిబ్రవరి స్వీప్స్‌లో స్పానిష్ ఛానెల్ యూనివిజన్ కన్నా కిందికి, అయిదో స్థానానికి పడింది. రెండు స్తంభాలు ఉండి మధ్యన ఇల్లు లేకపోతే ఇలాగే ఉంటుంది. ఆ సెప్టెంబరులో సోమవారం పదింటికి ‘ద బ్లాక్‌లిస్ట్’ అనే నేరకథల డ్రామా వచ్చింది. ‘ద వాయిస్’ నుంచి జనాన్ని తీసుకుంది, చివరి నిమిషం దాకా పట్టి ఉంచింది, వార్తలకు అప్పగించింది. 2013-14లో పదేళ్ల తర్వాత ఎన్‌బీసీ 18-49 లెక్కలో మొదటి స్థానం దక్కించుకుంది. ‘ద బ్లాక్‌లిస్ట్’ 2023 దాకా పది సీజన్లు నడిచింది.

2022 ఆగస్టులో ఇంకో వార్త వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి పది గంటల వేళను పూర్తిగా స్థానిక స్టేషన్లకు ఇచ్చేద్దామా అని ఎన్‌బీసీ ఆలోచిస్తోందని. 2023లో ఆ మార్పు జరగలేదు. ఈసారి స్టేషన్లకు అభ్యంతరం ఉండకపోవచ్చు, ఒక గంట వార్తలు, ఒక గంట ప్రకటనలు ఎక్కువ దొరుకుతాయి. కానీ ఆ వార్త చదివాక నేను మళ్లీ అదే గుణకారం వేశాను. అయిదు రాత్రులు, 22 ఎపిసోడ్లు, 110 గంటలు. తర్వాతి ‘బ్లాక్‌లిస్ట్’ను ఏ గంటలో పెంచుతారో ఆ కథనంలో ఎక్కడా లేదు.